ఖాళీగా వచ్చిన స్టీలు డబ్బా

మా పక్కింటి అమ్మాయి ఈమధ్యే పీహెచ్‌డీలో చేరింది. బ్రిస్బేన్ శివార్లలోని స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా వీధి నిండా మనవాళ్ళే. నేను రిటైరయిన ప్రొఫెసర్ని కాబట్టి పిల్లల యూని సందేహాలన్నీ మా వంటింటి బల్ల మీదికే వస్తాయి. ఈ అమ్మాయి పుట్టింది ఇక్కడే, నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. మొన్న వచ్చి, "నా ఫీల్డ్‌వర్క్ ఈజీ ఆంటీ. నేను స్టడీ చేసేది మన కమ్యూనిటీనే కదా, ఐ యామ్ ఎన్ ఇన్‌సైడర్" అంది. అంత ధీమాగా అనేసరికి నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. "కూర్చో తల్లీ, నీకో డబ్బా సంగతి చెప్పాలి" అన్నాను.

ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. మా వృత్తిలో అందరి పేర్లూ మార్చి రాసీ రాసీ, అసలు పేరు పైకి చెప్పాలంటేనే నాకు నోరు రాదు.

నేను టూవూంబా అనే కొండ మీది ఊళ్ళో పరిశోధన మొదలుపెట్టిన నాటికి, లోకమంతా ఉన్నట్టుండి ముస్లింల గురించి తెలుసుకోవాలని ఉబలాటపడుతోంది. పేపర్లో వాళ్ళే, టీవీలో వాళ్ళే, యూనివర్సిటీల గ్రాంట్లూ వాళ్ళ పేరు మీదే. నాకు దొరికిన స్కాలర్‌షిప్ కూడా అలాంటిదే. ఆస్ట్రేలియాలోని ఒక చిన్న పట్టణంలో, నానా దేశాల నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు ఒక సమాజంగా ఎలా కుదురుకుంటున్నాయన్నది నా విషయం. "చర్చి పిల్లవి, నీకా సబ్జెక్ట్ ఏంటే?" అని మా అమ్మ గుంటూరు నుంచి ఫోన్లో ఆశ్చర్యపోయింది. మా చిన్నప్పటి ఇరుగుపొరుగంతా ముస్లింలేననీ, నాకు వాళ్ళ పద్ధతులన్నీ తెలుసుననీ ఆమెకు గుర్తుచేశాను. ఇంటర్వ్యూలో గైడుకీ అదే చెప్పాను. ఆ ధీమాతోనే సీటు సంపాదించాను కూడా.

ఆ ఊళ్ళో అప్పట్లో ముస్లింలు ప్రార్థన చేసుకునే చోటు ఒక పాత ఇల్లు. లోపలి గోడలు కొట్టేసి హాలు చేసుకున్నారు. శుభ్రంగా, మెత్తటి కార్పెట్‌తో ఉండేది, మగవాళ్ళకి. ఆడవాళ్ళకి పక్కనున్న గరాజ్. సిమెంటు నేల మీద చాపలు, గోడకి ఒక చిన్న స్పీకరు, ముందు వైపు పైకి చుట్టుకునే రేకు షట్టర్. గాలి వేసినప్పుడల్లా ఆ షట్టర్ దడదడలాడేది. కొండ మీది ఊరు కదా, గాలికి లోటు లేదు.

మొదటి శుక్రవారం నేను తలమీద చున్నీ వేసుకుని, ఒక మూల బుద్ధిగా కూర్చున్నాను. పరిశోధకురాలు కంటికి కనపడకూడదని ఎక్కడో చదివాను. కనపడకపోవడమేమిటి, ఒక ఫిజీ పెద్దావిడ నన్ను చూడగానే, "స్టడీకి వచ్చావా బేటీ? ఈ మధ్య నమాజ్‌కి వచ్చేవాళ్ళకన్నా మమ్మల్ని స్టడీ చేసేవాళ్ళే ఎక్కువయ్యారు" అని పక్కకు జరిగి చోటిచ్చింది. అంతలో షట్టర్ మళ్ళీ మోగింది. నా వెనక ఎవరో, "అబ్బ! దీని దుంపతెగ, చెవులు చిల్లులు పడతన్నయ్" అన్నారు.

నిక్కమైన గుంటూరు తెలుగు! నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. నలభై ఏళ్ళావిడ, ఆస్పత్రి నర్సు యూనిఫారం మీద పొడవాటి కోటు, తలకి స్కార్ఫు. నేను "మీది గుంటూరా అండీ?" అనగానే ఆవిడ నోరు రెండు చేతులతో మూసుకుంది. తన మాట అక్కడ ఎవరికైనా అర్థమవుతుందని కలలో కూడా అనుకోలేదట.

ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్క. నాకు కారు లేదు, టూవూంబాలో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. డ్యూటీ దిగి తన చిన్న కారులో నన్ను ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్ళేది. ఆవిడ భర్త ఇంజనీరు, మితభాషి, ఆ ప్రార్థన హాలు కమిటీకి సెక్రటరీ. మొదటిసారి వెళ్ళినప్పుడే బిర్యానీ కట్టిచ్చింది. ఆ గిన్నె తిరిగిచ్చేటప్పుడు నేను నిమ్మకాయ పులిహోర నింపి పట్టుకెళ్ళాను. ఆ తరువాత మా అమ్మ పేరు చెక్కిన స్టీలు డబ్బా ఒకటి మా ఇద్దరి మధ్యా తిరగడం మొదలుపెట్టింది. బ్రిస్బేన్‌లో ఫిజీవాళ్ళ కొట్లో గోంగూర దొరికితే పచ్చడి నూరి పంపేదాన్ని. అది ఖీర్‌తోనో, కద్దూ హల్వాతోనో తిరిగొచ్చేది. మన వైపు ఏ మతం వాళ్ళ ఇంట్లోనైనా ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారయినా వేసిస్తారు. ఇది మాకెవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాం.

నా పరిశోధనలో మనుషులతో మాట్లాడి టేపు చేసుకోవడం ముఖ్యం. అక్కని అడగడానికి చాలా రోజులు మొహమాటపడ్డాను. చివరికి ఆవిడే, "అందర్నీ అడుగుతన్నావ్, నన్నడగవేందమ్మాయ్? నేను పనికిరానా?" అంది. ఇక్కడ మార్చి నెలంటే ఎండలు తగ్గి చలి మొదలయ్యే రోజులు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ వంటింట్లో కూర్చున్నాం. వెళ్ళగానే డబుల్ కా మీఠా గిన్నె నా ముందు పెట్టింది. "వద్దక్కా, మాకిప్పుడు శ్రమల దినాలు, ఈస్టర్ దాకా తీపి ముట్టనని అమ్మకి మాటిచ్చాను" అన్నాను. ఆవిడ బలవంతం చేయలేదు. గిన్నె తీసి ఫ్రిజ్‌లో పెట్టేసి, చక్కెర లేని టీ ఇచ్చింది.

ఇక ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టాక నేను ప్రశ్నలు అడగాల్సిన అవసరమే రాలేదు.

"గుంటూర్లో ఉన్నన్నాళ్ళు నేను మసీదు గడప తొక్కలేదమ్మాయ్. మా వీధిలో ఆడోళ్ళెవరూ పోరు. ఇంట్లోనే నమాజ్ చదువుకునేవాళ్ళం. ఎవరూ ఏందని అడగలా. ఇక్కడికొచ్చాక మొదలెట్టా. ఎందుకంటావ్? ఇక్కడ నాకు ఆ హాలు తప్ప ఎవరున్నారు చెప్పు. రేపు నాకేదన్నా అయితే నా శవాన్ని కడిగేది ఆ ఫిజీ ఆంటీ. నా కూతురికి సంబంధం చెప్పేది వాళ్ళే. అందుకని పోయా. పోతే ఏం చేశారు? తీసుకెళ్ళి కార్లు పెట్టుకునే చోట కూర్చోబెట్టారు."

నేను టేపు వైపు చూశాను, తిరుగుతోంది.

"మా ఆస్పత్రిలో చచ్చిపోయినోళ్ళకి కూడా ఇంతకన్నా మంచి గది ఇస్తారు. చలికాలం ఆ సిమెంటు మీద నుదురు ఆనిస్తే నెత్తికెక్కుద్ది చలి. ఇప్పుడేమో హాలు పెద్దది చేస్తారంట. ప్లానులో మగాళ్ళకి ఇంకో గది, వంటకి షెడ్డు, కార్ పార్కింగ్. మాకు? మళ్ళా అదే గరాజ్. మా ఆయనే గీశాడు ఆ ప్లాను." చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది. "రాసుకో. ఇదంతా రాసుకో."

ఇంటికొచ్చి ఆ టేపు మళ్ళీ మళ్ళీ విన్నాను. అంతకు ముందు నెలల తరబడి నేను సేకరించిన మాటలన్నీ దాని ముందు చప్పగా ఉన్నాయి. అందరూ నాతో మర్యాదగా, "అంతా బాగానే ఉంది" అన్నవాళ్ళే. నా థీసిస్‌కి ప్రాణం ఈ ఒక్క ఇంటర్వ్యూలోనే ఉందని అర్థమైంది. నా గైడు కూడా అనువాదం చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ పొలం మీద పుట్టి పెరిగిన ఆస్ట్రేలియన్. మాట కటువు, మనసు మంచిది. "ఇది కమిటీ వినాలి" అంది.

హాలు కమిటీ మా పరిశోధనకి అనుమతిస్తూ ఒక షరతు పెట్టింది. థీసిస్ రాసేముందు, మేం తెలుసుకున్నదేమిటో హాలులోనే అందరికీ చెప్పాలి. ఈస్టర్‌కి కొద్ది రోజుల ముందు ఒక శనివారం ఆర్వో, అంటే మధ్యాహ్నం పూట, నిప్పుల మీద కాల్చి పెట్టే బార్బీ విందుతో సహా ఏర్పాటు చేశారు. అదే రోజు కొత్త ప్లాను కూడా అందరి ముందూ పెట్టి ఖాయం చేస్తారట. ఆడవాళ్ళ గది సంగతి ఎవరైనా కదపాలంటే అప్పుడే కదపాలి, తరువాత గోడలు లేచిపోతాయి.

ఇంటర్వ్యూ రోజు నేను అక్కకి గోంగూర పచ్చడి డబ్బా ఇచ్చి వచ్చాను. ఆ వారంలోనే ఆవిడ భర్త యూనికి వచ్చి, నా గది తలుపు తట్టి, "మా ఆవిడ పంపింది" అని డబ్బా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన ఎప్పుడూ యూనికి వచ్చినవాడు కాదు. మూత తీశాను. తళతళ తోమిన డబ్బా, లోపల ఏమీ లేదు. పంచదార పలుకు కూడా లేదు.

ఒక గుంటూరు మనిషి ఇంకో గుంటూరు మనిషికి డబ్బా ఖాళీగా పంపిందంటే దానికి వేరే అర్థం ఉంటుందా? పైగా భర్త చేత పంపింది! ఇంటర్వ్యూ సంగతి ఆయనకి తెలిసిపోయిందనీ, ఇంట్లో గొడవైందనీ, 'ఇక మా ఇంటికి రాకు, నేనన్న మాటలు మరిచిపో' అని నోటితో చెప్పలేక ఇలా చెప్పిందనీ నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడే ముస్లిం నర్సు ఆవిడొక్కతే. పేరు మార్చి చెప్పినా, 'ఆస్పత్రిలో చనిపోయినవాళ్ళ గది' అన్న మాట వినగానే ఎవరన్నారో అందరికీ తెలిసిపోతుంది. రేపు ఆ హాలులో ఆవిడకు చోటు లేకుండా పోతే దానికి కారణం నేనే.

గైడు దగ్గరకెళ్ళి ఆ ఇంటర్వ్యూ వాడనన్నాను. కారణం చెప్పాను. ఆవిడ డబ్బా వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది.

"ఆవిడ వద్దని చెప్పిందా?"

"చెప్పదు. మా వాళ్ళు అలా చెప్పరు."

"మరి వెళ్ళి అడుగు."

"అడిగితే మొహమాటానికి సరేనంటుంది. అప్పుడు ఇంకా కష్టం."

"వద్దనుకుంటే నోటితో చెప్పదు, సరేనంటే నువ్వు నమ్మవు. పాపం, ఆవిడ ఇంకేం చేయాలి?" అంది గైడు. తరువాత నిట్టూర్చి, "నిర్ణయం నీది. కానీ మన యూని ఎథిక్స్ కమిటీ వాళ్ళకి ఈ డబ్బా గురించి నువ్వే చెప్పుకో, నా వల్ల కాదు" అంది.

ఈ తెల్లావిడకి మా పద్ధతులు ఏం తెలుస్తాయిలే అనుకున్నాను. అక్కకి ఫోను కూడా చేయలేదు, ఇబ్బంది పెట్టకూడదని. నా ఉపన్యాసంలోంచి ఆ పేజీలు తీసేసి, 'మహిళల సౌకర్యాల విషయంలో కొంత మెరుగుదలకు అవకాశం ఉంది' అని ఒక్క వాక్యం రాసుకున్నాను. దానికి ఎవరికీ కోపం రాదు. నేనేదో పెద్ద త్యాగం చేసినట్టు నా మీద నాకే జాలి కూడా వేసింది.

ఆ శనివారం హాలు నిండిపోయింది. పెరట్లో హలాల్ సాసేజీలు కాలుతున్న వాసన. హాలుకీ గరాజ్‌కీ మధ్యనున్న తలుపు బార్లా తీసి, గరాజ్‌లో కూర్చున్న ఆడవాళ్ళకి కనపడేలా నన్ను నిలబెట్టారు. అక్క ముందు వరుసలోనే కూర్చుంది. నన్ను చూసి నవ్వింది. ధైర్యంగా ఉన్నట్టు నటిస్తోంది కాబోలు అనుకున్నాను. ఏ దేశం వాళ్ళు ఏ పండుగకి ఏం వండుకుంటారో, పిల్లలకి అరబ్బీ ఎవరు నేర్పుతున్నారో, కొత్తగా వచ్చిన కుటుంబానికి ఇల్లు దొరికేదాకా ఎవరెవరు ఆశ్రయమిచ్చారో చెప్పుకుంటూ పోయాను. అందరూ తలలూపారు. చివరికి మెరుగుదల వాక్యం చదివి కూర్చున్నాను. అది చదువుతున్నప్పుడు అక్క మొహంలో నవ్వు పోయింది.

కమిటీ అధ్యక్షుడు దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పెద్దాయన, మర్యాదస్తుడు. లేచి, "చాలా సంతోషం. మన సోదరీమణులకి పెద్ద ఇబ్బందులేమీ లేవని యూనివర్సిటీ వాళ్ళే చెప్పారు, అల్‌హమ్‌దులిల్లా. ఇక ప్లాను చూద్దాం" అన్నాడు. నేను అన్నది అది కాదు. కానీ ఆయన విన్నది అదే. నేను రాసిన వాక్యంలో అంతకన్నా ఏముంది గనక?

అక్క భర్త ప్లాను కాగితం విప్పుతున్నాడు.

"వన్ మినిట్, అంకుల్."

గరాజ్‌లోంచి అక్క లేచింది. మధ్య తలుపు దాకా వచ్చి గడప మీద ఆగింది. "ఈ అమ్మాయి ఒకటి మర్చిపోయింది. నేను చెప్పిందే, అందుకని నేనే చెబుతాను" అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. సిమెంటు చలి చెప్పింది, షట్టర్ చెప్పింది. గుంటూరులో తాను మసీదుకే వెళ్ళలేదనీ, ఇక్కడ ఈ హాలే తన పుట్టిల్లనుకుని వచ్చాననీ చెప్పింది. ఆస్పత్రి మాట కూడా ఉన్నదున్నట్టు అనేసింది. ఆవిడ భర్త ప్లాను అంచు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

వెనక నుంచి ఫిజీ పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "భాయ్ సాబ్, మీరొకసారి ఇక్కడికొచ్చి ఈ నేల మీద కూర్చోండి. తరువాత ప్లాను చూద్దాం" అంది అధ్యక్షుడితో.

ఆయన వెళ్ళాడు. నిజంగానే వెళ్ళి, గరాజ్‌లో చాప మీద కూర్చున్నాడు. అరచేయి నేలకి ఆనించి చూశాడు. సరిగ్గా అప్పుడే షట్టర్ దడదడలాడింది, దేవుడే ఆడించాడేమో మరి. ఎవరో కిసుక్కున నవ్వారు, ఆయనా నవ్వేశాడు. ఆ రోజు ప్లాను ఖాయం కాలేదు. అది మళ్ళీ గీయాల్సి వచ్చింది. కొత్తదాంట్లో హాలుని ఆనుకుని ఆడవాళ్ళకి గరాజ్ కాని అసలైన గది ఉంది, కిటికీతో, కార్పెట్‌తో.

తరువాత సాసేజీల ప్లేటు తెచ్చి అక్క చేతికిస్తూ ఆవిడ భర్త, "ఇంట్లో నాకు చెప్పొచ్చుగా?" అన్నాడు మెల్లగా తెలుగులో. "రెండేళ్ళ నుంచీ చెప్తన్నా. ఇవాళ విన్నావ్" అంది అక్క. ఆ మాటకి నేను నవ్వబోయాను గానీ, ఆవిడ నా వైపు చూసిన చూపుకి మానేశాను.

నన్ను ఇంటి దగ్గర దింపడానికి కారెక్కించుకుంది. సగం దారిలో రోడ్డు పక్కన ఆపేసింది.

"నా మాట ఎందుకు మింగేశావమ్మాయ్? రాసుకో అన్నానుగా. నువ్వు చెప్తే చదువుకున్నదాని మాటని వింటారని ఆశపడ్డా. నిన్ను నమ్ముకునేగా ఇంటర్వ్యూ సంగతి మా ఆయనకి చెప్పకుండా ఊరుకుంది."

"నువ్వే వద్దన్నావనుకున్నానక్కా."

"నేనా? ఎప్పుడన్నా?"

"డబ్బా ఖాళీగా పంపావుగా."

ఆవిడకి కాసేపు అర్థం కాలేదు. నేను తడబడుతూ అంతా చెప్పాను. ఖాళీ డబ్బా, భర్త చేత పంపడం, నా భయం, నేను చేసుకున్న తీర్మానం. ఆవిడ స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసేసి నా వైపు తిరిగింది.

"పిచ్చిమొద్దూ! నువ్వే కదా ఈస్టర్ దాకా తీపి ముట్టనన్నావ్. హల్వా చేసి డబ్బాలో పెట్టా కూడా. మూత పెట్టబోతా గుర్తొచ్చింది. ఒకరి ఉపవాసం చెడగొడితే పాపం కదా, తీసేశా. పోనీ పంచదారైనా వేద్దామంటే అదీ తీపేనాయె. ఖాళీగా పంపడానికి నా చెయ్యి ఎంత ఆడలేదో తెలుసా? వేరేదేదన్నా వండేలోపు నాకు డ్యూటీ పడింది, ఆయన్ని పంపా, అంతే."

వాళ్ళ రంజాన్ గురించి, వాళ్ళ నియమాల గురించి గంటల కొద్దీ టేపులు నింపుకున్నాను. ఆవిడకి నా నియమం గుర్తుంటుందన్న ఆలోచనే నా బుర్రకి తట్టలేదు. నేను వాళ్ళని చూస్తున్నానన్నదే తెలుసు నాకు. వాళ్ళూ నన్ను చూస్తున్నారని, నా కోసం ఒక వంటింట్లో హల్వా డబ్బాలోంచి తీసేశారని ఎలా ఊహిస్తాను? ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. "ఏడవమాక. నన్నొక్క మాట అడగాల్సింది" అంది, నా భుజం తట్టి కారు స్టార్ట్ చేస్తూ.

గైడుకి ఇదంతా చెప్పినప్పుడు ఆవిడ నవ్వలేదు, దెప్పలేదు. "ఇప్పుడు నీ థీసిస్‌కి మొదటి అధ్యాయం దొరికింది" అంది. నిజమే, అక్క అనుమతితో ఆ డబ్బాతోనే మొదలుపెట్టాను. ఈసారి నోరు తెరిచి అడిగే తీసుకున్నాను ఆ అనుమతి.

ఇంతదాకా విని మా పక్కింటి అమ్మాయి, "దెన్ వాట్ హ్యాపెండ్ టు ద డబ్బా?" అంది.

ఈస్టర్ ఉదయం చర్చి నుంచి బయటికి వచ్చేసరికి ఎదురుగా అక్క కారు ఆగి ఉంది. ఊరంతా పొగమంచు. ఆవిడ యూనిఫారంలోనే ఉంది, డ్యూటీకి వెళ్తూ దారి మళ్ళించుకుని వచ్చింది. అద్దం దించి మా అమ్మ డబ్బా నా చేతిలో పెట్టింది. అడుగు ఇంకా వేడిగా ఉంది.

"నీ ఉపవాసం అయిపోయిందిగా, తిను" అంది. నేను మూత మీద చెయ్యి వేయగానే మళ్ళీ ఆపింది.

"లోపలున్నది డబుల్ కా మీఠా. వేరే అర్థమేం లేదు."